గాలి కిలో ఎంత సామీ?

ఐస్‌క్రీం నాణ్యత పడిపోయిందని మొత్తుకునేవాళ్లంటే నాకు గిట్టదు. పడాలంటే బరువుండాలి కదా. ఇప్పటి ఐస్‌క్రీం పడదు, తేలుతుంది.

నమ్మకపోతారని మొన్న తిరుపతిలో మా వీధి చిల్లరకొట్టు కాటా మీద 700 మిల్లీలీటర్ల డబ్బా పెట్టించాను. డబ్బాతో కలిపి 390 గ్రాములు తూగింది. "ఏంది సామీ, ఐస్‌క్రీం కూడా తూకమేస్తారా?" అన్నాడు కొట్టాయన, పెళ్లికూతురి పళ్లు లెక్కపెట్టినవాణ్ణి చూసినట్టు చూస్తూ.

కంపెనీ తప్పేం లేదు. లీటరుకు 525 గ్రాములుంటే చాలని నిబంధనే ఉంది. గడ్డకట్టించేటప్పుడు చిలికి గాలి ఎక్కిస్తారు, దాన్ని ఓవర్‌రన్ అంటారు. గాలి లేకపోతే చెంచా దిగదు, ఒప్పుకుంటాను. అయితే గాలికి కూడా చాక్లెట్ ధరేనా అన్నది నా చిన్న సందేహం.

డబ్బా మీద ఐస్‌క్రీం అన్న మాట కోసం కళ్లద్దాలు పెట్టుకుని వెతికాను. ఆవగింజంత అక్షరాల్లో 'ఫ్రోజెన్ డెజర్ట్' అని దొరికింది. అసలు ఐస్‌క్రీంలో కనీసం 10 శాతం పాలకొవ్వుండాలి. ఇందులో ఆ చోట నూనెకొవ్వు, ఎక్కువగా పామాయిలే. దీన్ని మోసమనడం అన్యాయం, ఇది గోసేవ. చిత్తూరు సహకార డెయిరీ 2002లోనే మూతపడింది. అలసిన ఆవులకు మలేసియా చెట్లు చేతనైన సాయం చేస్తున్నాయి. లడ్డూలో నెయ్యి గురించి టీకొట్టు దగ్గర గంటలకొద్దీ వాదించే మా ఊళ్లో, ఈ డబ్బా సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

మా చిన్నప్పుడు సైకిలు పెట్టె మూత టపటప కొడుతూ వచ్చే సేమ్యా ఐసు గొప్పదేం కాదు. నీళ్లు, చక్కెర, నాలుగు సేమ్యా పోగులు. కానీ పాలని చెప్పుకోలేదు. పైగా కారేది. మోచేతి దాకా కారితే అక్కణ్ణుంచి నాకుతూ పైకొచ్చేవాళ్లం.

పోయిన మే నెలలో మా మనవడు సగం తిని వదిలేసిన ఐస్‌క్రీం ముద్ద మిట్టమధ్యాహ్నం వసారాలో అరగంట కూర్చుంది. చుట్టూ కాస్త చెమ్మ, ముద్ద మాత్రం నురగలా నిలబడే ఉంది. అందులో కలిపే గోరుచిక్కుడు గింజల బంక మహిమట. గోరుచిక్కుడు కూర వండితే కంచం నెట్టేసే మనవడే వీడు!

కాటా దగ్గర ఉండగానే ఇంటి నుంచి ఫోన్. "ఎక్కడున్నారు? ఎండలో కరిగిపోతుంది, బిరీన రండి."

"కరగదు లేవే" అని, ఇంకో టీ చెప్పాను.