ఎనిమా డబ్బా ఎత్తు పెంచితే పేగు శుభ్రపడదు: ఒక వాట్సాప్ సందేశానికి ఖండన

ఎనిమా డబ్బాను తలుపు పక్క మేకుకు, అంటే నేల మీద పడుకున్న మనిషికి సుమారు ఆరడుగుల ఎత్తున తగిలిస్తేనే పేగు చివరి వరకు శుభ్రపడుతుందని, ధార వేగంగా వస్తే గొట్టం మీది క్లిప్పు సగం బిగిస్తే చాలునని, డబ్బా లేనివారు హెల్త్ ఫాసెట్ పైపు వాడుకోవచ్చునని, కడుపు మెలిపెట్టినా పంటి బిగువున ఓర్చుకోవాలని చెప్పే సందేశమొకటి ప్రకృతి వైద్యం పేరుతో ఫోన్లలో తిరుగుతున్నది. అందులో నిలబడేది నీరు గోరువెచ్చగా ఉండాలన్న మాట ఒక్కటే.

మొదట ఎత్తు సంగతి. పేగు మీద పడే ఒత్తిడి డబ్బాలో ఎన్ని లీటర్లు పోశామన్నదానిని బట్టి కాక, మలద్వారం నుండి డబ్బాలోని నీటి మట్టం ఎంత పైన ఉన్నదన్నదానిని బట్టి ఉంటుంది. నర్సింగ్ శిక్షణలో పెద్దవారికి చెప్పే ఎత్తు 30 నుండి 45 సెంటీమీటర్లు. రక్తపోటు కొలిచే లెక్కలో 45 సెంటీమీటర్ల నీరు 33 మిల్లీమీటర్ల పాదరసంతో సమానం; ఆరడుగులైతే అది 130 దాటుతుంది. పసిపిల్లల్లో పేగులోకి పేగు చొచ్చుకుపోయినప్పుడు ద్రవపు ఒత్తిడితో దానిని వెనక్కి నెట్టే చికిత్సలో సంప్రదాయంగా పాటించే ఎత్తు మూడడుగులు, అదీ తెర మీద చూస్తూ, పేగు చిల్లుపడితే ఆపరేషన్ చేయడానికి సర్జన్‌ను సిద్ధంగా ఉంచుకుని చేస్తారు. ఈ సందేశం స్నానాలగదిలో ఒంటరిగా ఉన్న మనిషికి దానికి రెట్టింపు ఎత్తు చెబుతున్నది.

క్లిప్పు మాట నమ్మదగినట్లు వినిపిస్తుంది కనుకనే మరింత చేటు. క్లిప్పు ధార వేగాన్ని తగ్గిస్తుంది కాని, ఎత్తు వల్ల వచ్చే ఒత్తిడిని తీసివేయదు. నీరు పారుతున్నంతసేపు ఇరుకు దారిలో కొంత ఒత్తిడి ఖర్చవుతుంది; పేగు నిండి ప్రవాహం ఆగగానే, క్లిప్పు ఏ కొంచెం తెరిచి ఉన్నా, మొత్తం ఒత్తిడి పేగు గోడ మీదికి వస్తుంది. ఒత్తిడి అంతటా ఒకటే అయినా వెడల్పైన చోట గోడ ఎక్కువ బిగుసుకుంటుంది. పెద్దపేగులో అన్నిటికన్నా వెడల్పైన భాగం చిన్నపేగు వచ్చి కలిసే చోటు. సందేశం ఆశపెట్టే "చివర" అదే.

హెల్త్ ఫాసెట్ విషయంలో వాదనే అనవసరం. మిద్దె మీది ట్యాంకు కుళాయికి పది మీటర్ల పైన ఉంటే మూసిన కుళాయి దగ్గర ఒత్తిడి 735 మిల్లీమీటర్ల పాదరసంతో సమానం. ఎంత నీరు లోపలికి పోయిందో కూడా తెలియదు.

ఇక ఓర్చుకోమనడం. మంచాన ఉన్న మా మామ్మకు ఎనిమా ఇచ్చిన నర్సమ్మ డబ్బాను ఎక్కడా తగిలించేది కాదు, ఎడమచేత్తో పట్టుకునే ఉండేది. మామ్మ మూలిగిన మరుక్షణం ఆ చెయ్యి మంచం పట్టె కిందికి దిగేది, గొట్టంలో నీరు మసకబారి వెనక్కి రావడం కనిపించేది, ముఖం తేటపడేది. గోడకు తగిలించిన డబ్బాతో ఇది చేయడం కష్టం.

మొలల నుండి రక్తం పోతున్నవారు, పేగుకు ఆపరేషన్ అయినవారు, గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు, గర్భిణులు డాక్టరును అడగకుండా ఎనిమా జోలికి పోకూడదు. డబ్బా దించినా నొప్పి తగ్గకపోయినా, పొట్ట గట్టిపడినా, నెత్తురు కనిపించినా, ఆ తరువాత జ్వరం వచ్చినా మళ్లీ నీరు ఎక్కించకుండా, ఏమీ తినకుండా, తాగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఎనిమా చేసుకున్న సంగతి సిగ్గుపడి దాచకుండా డాక్టరుకు ముందుగానే చెప్పాలి.