లాకు తలుపులు బాగుచేస్తే పడవలు వచ్చేస్తాయా?

కోనసీమలో లొల్ల లాకులంటే ఇప్పుడు చాలామందికి సినిమా షూటింగులే గుర్తొస్తాయి. ఆ కట్టడం దేనికని అడిగితే నీళ్లు వదలడానికి అంటారు. అది సగం నిజమే. లాకు కట్టింది పడవ కోసం.

కాలువ మట్టం ఒక్కసారిగా దిగే చోట రెండు జతల తలుపులు, మధ్యలో తొట్టి ఉంటాయి. కింది నుంచి వచ్చిన పడవ లోపలికి చేరగానే వెనక తలుపులు మూసి, పై తలుపుల తూములు కొద్దికొద్దిగా ఎత్తుతారు. నీటితో పాటు పడవా లేస్తుంది. రెండు వైపులా మట్టం సమానమయ్యేదాకా ఎంతమంది తోసినా తలుపు కదలదు. సమానమయ్యాక మాత్రం ఇద్దరు మనుషులు దూలానికి నడుము ఆనించి తోస్తే చాలు.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన కాటన్ దొర సాగునీటితో ఆగలేదు. రైళ్లకంటే కాలువలే చౌక అని జీవితాంతం వాదించాడు. కాకినాడ కాలువ, ఏలూరు కాలువ, కొమ్మమూరు కాలువ, ఆపైన బకింగ్‌హాం కాలువ. ఒకదాన్నొకటి అందుకుంటూ సరుకు మద్రాసు దాకా వెళ్లేది. 2008లో ప్రకటించిన నాలుగో జాతీయ జలమార్గం చాలావరకు ఆ పాత దారే.

అప్పటినుంచి లాకుల ఆధునికీకరణ మాట వింటూనే ఉన్నాం. నా లెక్కలో అన్నిటికంటే సులువైన పని అదే. అసలు చిక్కు వంతెనలతో. పడవలు మానేశాక కట్టినవాటిలో చాలా వాటి కింద సరుకు పడవ తల దూరదు. రెండోది ఇంకా మొండి సమస్య. దాళ్వా (రబీ వరి) కోతలు అయ్యాక పూడికతీతకు, మరమ్మతులకు కాలువలకు నీళ్లు ఆపేస్తారు. నీళ్లు తక్కువున్న ఏడాది రబీలోనే వంతులవారీగా వదులుతారు. ఏటా వేసవిలో ఎండిపోయే దారిని నమ్మి ఏ రైసుమిల్లు యజమాని పడవ కొంటాడు? లారీ కళ్లం దగ్గరికే వస్తుంది కదా! రైతు నీళ్లు ఆపి పడవకు ఇమ్మని అడిగే ధైర్యం ఏ ప్రభుత్వానికీ ఉండదు, ఉండకూడదు కూడా.

అందుకే నా చూపు కాలువల మీద కాదు, నది మీద. రాజమండ్రి నుంచి భద్రాచలం దాకా 171 కిలోమీటర్ల గోదావరి కూడా ఆ జలమార్గంలో భాగమే. మధ్యలో పోలవరం ఉంది. దాని డిజైన్‌లో ఎడమ గట్టున పడవల కోసం సొరంగం, లాకులు ఉన్నాయి. డయాఫ్రం వాల్ (డ్యామ్ అడుగున నీటి ఊటను ఆపే గోడ), నిర్వాసితులు, జలాశయంలో నీటిమట్టం 41.15 మీటర్లా 45.72 మీటర్లా అన్న గొడవ... పోలవరం వార్తల్లో ఇవన్నీ ఉంటాయి, లాకు ఊసు మాత్రం వినపడదు. నిర్వాసితుల సంగతి ముందు తేలాల్సిందే, కాదనను. కానీ డ్యామ్ లేచి లాకు వెనకబడితే జలమార్గం రెండు ముక్కలే. కృష్ణలో చూశాం: 2008 ప్రకటనలో ఆ దారి వజీరాబాద్‌తోనే ఆగింది. ఆపైనున్న నాగార్జునసాగర్ డ్యామ్‌ను పడవ దాటే దారి లేదు.

భద్రాచలం తెలంగాణలో, రాజమండ్రి ఆంధ్రాలో. పోలవరం లాకులకు గడువు తేదీ ఎప్పుడని రెండు రాష్ట్రాలూ కలిసి కేంద్రాన్ని అడగాలి, అదీ డ్యామ్ పని పూర్తికాక ముందే.