హైడ్రోజన్ చేరాల్సింది కారు ట్యాంకులోకి కాదు

2022 మార్చిలో కేంద్రమంత్రి నితిన్ గడ్కరీ టయోటా మిరాయ్‌ కారులో పార్లమెంటుకు వచ్చారు. హైడ్రోజన్‌తో నడిచే ఆ కారు వదిలేది నీరు మాత్రమే. రేపటి రవాణా ఇదేనన్న ఆశ అప్పట్లో చాలామందిలో కలిగింది. కానీ కరెంటు లెక్క ముందు ఆ ఆశ నిలవదు.

నీటి నుంచి కిలో హైడ్రోజన్ తీయాలంటే, కరెంటుతో నీటిని విడగొట్టే ఎలక్ట్రోలైజర్‌కు 50 నుంచి 55 యూనిట్ల కరెంటు కావాలి. దాన్ని కారు ట్యాంకులో 700 బార్ల (మామూలు గాలి పీడనానికి దాదాపు 700 రెట్ల) పీడనంతో కుక్కడానికి మరికొంత. ఇంతా చేస్తే, కారులో హైడ్రోజన్‌ను మళ్లీ కరెంటుగా మార్చే ఫ్యూయల్ సెల్ తిరిగిచ్చేది సుమారు 16 నుంచి 20 యూనిట్లు. ఎండ నుంచి, గాలి నుంచి కష్టపడి తీసిన విద్యుత్తులో మూడింట రెండు వంతులు దారిలోనే పోతోంది! అదే కరెంటును బ్యాటరీలో నింపితే 70 శాతానికి పైగా చక్రాలకు అందుతుంది. సాంకేతికత పెరిగితే ఈ తేడా తగ్గొచ్చు గానీ పూర్తిగా పోదు. నీటిని విడగొట్టినా, వాయువును కుదించినా, మళ్లీ ఆక్సిజన్‌తో కలిపినా ప్రతిచోటా కొంత శక్తి వేడిగా పోవాల్సిందే.

జర్మనీలోని లోయర్ శాక్సనీ రాష్ట్రం 2022లో ఒక మార్గాన్ని పూర్తిగా హైడ్రోజన్ రైళ్లకు అప్పగించింది. నడిపే ఖర్చు చూసుకుని, ఇకపై బ్యాటరీ రైళ్లే కొంటామని మరుసటి ఏడాదే ప్రకటించింది. మన రైల్వే శాఖ మాత్రం ఒక్కోటి రూ.80 కోట్ల అంచనాతో 35 హైడ్రోజన్ రైళ్ల ప్రణాళిక వేసుకుంది. బ్రాడ్‌గేజ్ దాదాపు మొత్తం విద్యుదీకరణ అయిపోయిన దేశంలో, తీగలు వేయడం కష్టమైన కొండ మార్గాలకు మించి వీటి అవసరమేమిటో నాకు బోధపడదు. బ్యాటరీ బరువు సరుకును తినేసే దూరప్రయాణపు లారీలకైతే ప్రయోగాలు చేయవచ్చు.

హైడ్రోజన్‌కు అసలు చోటు ఎరువులు, ఉక్కు, చమురు శుద్ధి. రామగుండంలో యూరియాకు కావాల్సిన హైడ్రోజన్ ఇప్పటికీ సహజవాయువు నుంచే వస్తోంది. అనకాపల్లి జిల్లా పూడిమడకలో విద్యుత్ సంస్థ ఎన్టీపీసీ హైడ్రోజన్ ఉత్పత్తి కేంద్రానికి 2025 జనవరిలో ప్రధాని శంకుస్థాపన చేశారు. రోజుకు 1,500 టన్నుల గ్రీన్ హైడ్రోజన్ (ఎండ, గాలి కరెంటుతో నీటి నుంచి తీసేది) లక్ష్యం. అయితే దాని ఉత్పత్తులు ప్రధానంగా ఎగుమతికేనని కేంద్రమే చెప్పింది. పక్కనే విశాఖ, కాకినాడ ఎరువుల కర్మాగారాలు, హైడ్రోజన్‌తో తయారయ్యే తమ ముడిసరుకు అమ్మోనియాను ఓడల్లో దిగుమతి చేసుకుంటున్నాయి. పూడిమడక హైడ్రోజన్‌తో అమ్మోనియా తయారుచేసి ముందుగా ఆ కర్మాగారాలకే ఇవ్వాలి. కార్ల కోసం హైడ్రోజన్ బంకులు కట్టే ఆలోచనను అప్పటిదాకా పక్కన పెట్టాలి.