మూత తట్టి చెప్పిన జాతకం

మా ఇన్వర్టర్ బ్యాటరీ పోయింది. 'పోయింది' అన్నది నా మాట కాదు, దుకాణం నుంచి వచ్చిన నిపుణుడి మాట. నెల్లూరులో మే నెల మధ్యాహ్నం కరెంటు పోయింది, పది నిమిషాలకే ఫ్యాను ఆగింది, ఇన్వర్టర్ కుయ్యోమని ఏడుపు అందుకుంది. ఆయనను పిలిచాం. వచ్చారు, చెప్పులు విప్పారు, మంచినీళ్లు తాగారు. బ్యాటరీ ముందు మోకాళ్ల మీద కూర్చుని, పుచ్చకాయ బేరమాడే మనిషిలా మూత మీద మూడుసార్లు తట్టి, చెవి ఆనించి విన్నారు. ఆపరేషన్ గదిలోంచి బయటికొచ్చిన డాక్టరు గొంతుతో, "లైఫ్ అయిపోయింది సార్, కొత్తది వేసుకోండి" అన్నారు.

నాడి పట్టి రోగం చెప్పే వైద్యులున్న దేశం కాబట్టి నేనేమీ ఆశ్చర్యపోలేదు. అయినా ఉండబట్టలేక, "మీటరు ఏదైనా పెట్టి చూడరా?" అన్నాను. ఆయన నామీద జాలిపడ్డారు. "ఇరవై ఏళ్ల అనుభవం సార్!" నిజమే, మీటరుకు అంత అనుభవం ఎక్కడిది పాపం. పోనీ రిపేరు? "చేయొచ్చు, గ్యారంటీ ఇవ్వలేం." మరి కొత్తదానికి? "అది కంపెనీ ఇస్తుంది సార్, మేం కాదు."

సాయంత్రానికి ఇంట్లో సభ కొలువుదీరింది. మా బావగారికి రొయ్యల చెరువులున్నాయి. అర్ధరాత్రి చెరువు నీళ్లకు గాలి అందించే ఏరియేటర్లు ఆగి, జనరేటర్ అందుకోకపోతే తెల్లారేసరికి పంట పోయినట్టే. అందుకని, "అనుమానం వస్తే మార్చేయడమే బావా, ఆలోచించకూడదు" అన్నారు. ఆయన వరకు అది వేదవాక్కు. కానీ మా హాల్లో పెరుగుతున్నవి రొయ్యలు కావు. నేనూ మా ఆవిడా విసనకర్రతో ఒక పూట గడపగలం. ఇదే జిల్లాలో సముద్రపు ఒడ్డున, నేలటూరు థర్మల్ విద్యుత్ కేంద్రంలో 800 మెగావాట్ల యూనిట్లు మూడున్నాయని మా అబ్బాయి గుర్తుచేశాడు. దీపం కింద చీకటి అని ఊరికే అనలేదని వాడి నోరు మూయించాం.

మా అత్తగారిది మాత్రం ఆచరణయోగ్యమైన సలహా. రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువు దగ్గర ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, ఇంటి రొట్టె దొరుకుతాయి కదా, ఈసారి బ్యాటరీ రొట్టె పట్టుకోమన్నారు. చిక్కేమిటంటే, కోరిక తీరినవాళ్లు వదిలితేనే కోరుకునేవాళ్లు పట్టుకోవాలి. అంటే కిందటేడు రిపేరు చేయించి, అది నిజంగా బాగుపడిన మహానుభావుడు ఒకడు నీళ్లలో నిలబడి ఉండాలి. లక్షల మందిలో ఆ ఒక్కడిని ఎలా పోల్చుకోవడం?

చివరికి యాసిడ్ సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ కొన్నాను. గాజు గొట్టం, పైన రబ్బరు బుడ్డి, లోపల తేలే చిన్న పుల్ల, అంతే. బ్యాటరీలో ఆరు గదులుంటాయి. ఒక్కో మూత తీసి, బుడ్డి నొక్కి వదిలి కాస్త యాసిడ్‌ను గొట్టంలోకి లాగి చూడాలి. ఇన్వర్టర్లకు వాడే ట్యూబులర్ రకం బ్యాటరీ నిండుగా ఛార్జయితే దాని సాంద్రత 1.240 దరిదాపుల్లో ఉండాలి. ఆరు గదుల్లోనూ సమానంగా తగ్గిందంటే చాలాసార్లు నేరం ఛార్జింగుదే. టెర్మినళ్ల మీద పేరుకున్న తెల్లటి పూతను వేడినీళ్లతో కడిగినా, ఇన్వర్టర్ బోర్డు బాగుచేయించినా బ్యాటరీ కోలుకోవచ్చు. అయిదు బాగుండి ఒక్కటే అడుగంటితే ఆ గది చచ్చినట్టు, ఇక బ్యాటరీ మార్చాల్సిందే. పావుగంట పని. ఆ పావుగంట ఎవరికీ లేదు.

చూశాను. అయిదు గదుల్లో 1.230. మూడో గదిలో 1.110.

అవును, తట్టి చెప్పిన ఆయన మాటే నిజమైంది. కాకి వాలగానే తాటిపండు రాలిందని కాకికి పండు ముగ్గిన సంగతి తెలుసనుకోవాలా? మా ఆవిడ అనుకోవాలనే అంటోంది.

పాతది ఎంతకు తీసుకుంటారో కనుక్కుందామని దుకాణానికి వెళ్లాను. వెనక సందులో పన్నెండేళ్లు కూడా నిండని పిల్లవాడు ఎవరిదో పాత బ్యాటరీని ఒరగదీసి, యాసిడ్‌ను మురుగుకాలువలోకి వంచుతున్నాడు. ఒట్టి చేతులు. కాళ్లకు రబ్బరు చెప్పులు. చొక్కా అంచు నిండా చిల్లులు.

జాతకం గుట్టు అక్కడ తెలిసింది. యాభై కిలోలు దాటే ఆ పెట్టెలో సగానికి పైగా సీసమే. తూకానికి అమ్ముడుపోయే సరుకు అది. అది బతికిందని చెబితే ఎవరికేమి మిగులుతుంది? పాత బ్యాటరీలను దుకాణాలు తిరిగి తీసుకోవాలని 2001లోనే నియమాలు పెట్టారు. 2022లో వాటి స్థానంలో కొత్తవి తెచ్చి, తయారీదారుల మీదే బాధ్యత మోపారు. పిల్లల ఒంట్లో సీసం ఇంతవరకు ఉంటే ఫరవాలేదన్న హద్దే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అన్నీ కాగితాల మీద చల్లగా ఉన్నాయి. అయ్యా, బడిలో ఉండాల్సిన పిల్లవాడి చేతికి ఒక జత రబ్బరు తొడుగులు కూడా ఇవ్వని మీరు నాకు మూడేళ్ల వారంటీ గురించి చెబుతారా? ఆ నీళ్లు పడిన చేత్తోనే వాడు మధ్యాహ్నం అన్నం కలుపుకుంటాడు. సిగ్గుండాలి మీకు. చూసి కూడా అక్కడే నిలబడి ధర అడిగిన నాకూ ఉండాలి.

కొత్తది వేరేచోట పూర్తి ధర పెట్టి కొన్నాను. పాతది మెట్ల కింద ఉంది. ఏ రీసైక్లర్‌కు పంపుతారో రసీదు మీద రాసిస్తే ఇస్తానని మొదటి దుకాణానికి చెప్పాను. రాసివ్వడం లేదు కానీ రోజు విడిచి రోజు ఫోను చేస్తున్నారు. మా వంశంలో పోయినవాళ్లెవరికీ ఇంత పరామర్శ జరగలేదు. లైఫ్ అయిపోయిన ఆ బ్యాటరీకి నిన్న మరో అయిదు వందలు పెంచారు.