సవరణ: పాత మాసీ ట్రాక్టర్ ఆగిపోవడానికి కారణం పంపు కాదు

మా పాత మాసీ ఫెర్గూసన్ 1035 స్టార్టయి ఇరవై నిమిషాలు బాగానే దున్ని, తర్వాత నెమ్మదిగా గుంజుడు తగ్గి ఆగిపోతోందని, అలా అయితే ఇంజెక్షన్ పంపు (ఇంజిన్‌లోకి డీజిల్‌ని ప్రెషర్‌తో కొట్టే పంపు) పోయినట్టేనని, విప్పి కాలిబ్రేషన్‌కి, అంటే డీజిల్ కొలత సరిచేయించడానికి, పంపమని గత వారం రాశాను. అది తప్పు. నా మాట పట్టుకుని ఎవరూ పంపు విప్పకండి, అనవసరంగా వేలల్లో ఖర్చు.

నిన్న మళ్లీ చేను మధ్యలో ఆగితే డీజిల్ ఎంతుందో చూద్దామని ట్యాంకు మూత తిప్పాను, సుయ్‌మని గాలి లోపలికి పోయింది, ఆ వెంటనే సెల్ఫ్ కొడితే బండి అందుకుంది. మూతకు ఉండే సన్నటి గాలి రంధ్రం దుమ్ము, డీజిల్ జిడ్డు కలిసి గట్టిగా మూసుకుపోయింది. డీజిల్ తగ్గేకొద్దీ పైనుంచి గాలి రాకపోతే ట్యాంకులో వాక్యూమ్ ఏర్పడి ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపుకి డీజిల్ అందదు. కాసేపు ఆపి ఉంచితే గాలి మెల్లగా లోపలికి చేరి మళ్లీ స్టార్ట్ అయ్యేది కూడా అందుకే, ఆ గుర్తును నేనే సరిగ్గా పట్టించుకోలేదు. సన్న తీగతో పొడిచి, డీజిల్‌తో కడిగాక సాయంత్రం దాకా ఆగలేదు.

ఇంకోటి, డీజిల్ పైపుల్లో చేరిన గాలి తీయడానికి నోజిల్ (ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మేది) పైపుల నట్లు వదులు చేస్తే చాలన్నాను. అలా కాదు. ముందు ఫిల్టర్ మీది బ్లీడ్ స్క్రూ (గాలి వదిలే స్క్రూ) వదులు చేయాలి, బుడగలు ఆగాక ఇంజెక్షన్ పంపు మీది స్క్రూ, చివర్లోనే నోజిల్ నట్లు. అక్కడ చెయ్యి అడ్డం పెట్టకండి, ఆ ప్రెషర్‌కి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది.