ఊపిరి కోసం పైకొచ్చిన తిమింగలాన్ని తరమకండి

శ్రీలంక నుంచి వచ్చి పది రోజులైంది. గుంటూరులో ఎవరు కలిసినా ఒకటే ప్రశ్న: "తిమింగలాన్ని ఎంత దగ్గరగా చూశారు?" బ్రాడీపేటలో కూరగాయలు బేరమాడుతుంటే పక్కనున్నావిడ కూడా అదే అడిగింది. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతోంది. వెళ్లే ముందు బోటు మాట్లాడుకుంటూ నేనూ అదే అడిగాను. అందుకే ఇంత పోస్టు రాస్తున్నాను.

సంక్రాంతి సెలవులకు మేమిద్దరం, పిల్లలు, మా అత్తయ్యగారు కలిసి కొలంబో మీదుగా మిరిస్సా వెళ్లాం. లంకకు దక్షిణపు కొసన ఉన్న చిన్న ఊరు. అక్కడ ఒడ్డు నుంచి కొంత దూరం పోగానే సముద్రం ఒక్కసారిగా లోతైపోతుంది. అందుకే నీలి తిమింగలాలు తీరానికి అంత దగ్గరగా తిరుగుతాయి. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా సీజన్. వేరే సముద్రాల్లో నీలి తిమింగలాలు చాలావరకు మేత కోసం చల్లటి నీళ్లకు వలస పోతాయి. ఇక్కడివి ఈ వెచ్చటి నీళ్లు వదిలి అంత దూరం పోవు. ఆ సంగతిని 2003లో పసిగట్టింది ఆశా డి వోస్ అనే శ్రీలంక శాస్త్రవేత్త. నీళ్ల మీద తేలుతున్న ఎర్రటి తిమింగలం పేడ ఆమె కంట పడింది. పేడ ఉందంటే మేత కూడా ఇక్కడే దొరుకుతోందన్న మాట!

ఉదయం ఆరున్నరకు బోటెక్కాం. ఎక్కగానే అందరికీ లైఫ్ జాకెట్లు తొడిగి, బిగించామో లేదో లాగి మరీ చూశారు. అది నాకు చాలా నచ్చింది. 2017 నవంబరు 12న పవిత్ర సంగమం దగ్గర కృష్ణలో పడవ బోల్తా పడి 20 మందికి పైగా పోయారు. అది తెలిసిన మనవాళ్లే భవానీ ద్వీపం బోటులో ఉక్కగా ఉందని జాకెట్ విప్పేయడం నేను కళ్లారా చూశాను.

గంటన్నర ప్రయాణం. చిన్నోడు రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. అత్తయ్యగారు అల్లం మురబ్బా చప్పరిస్తూ కళ్లు మూసుకుని కూర్చున్నారు. ఇంతలో బోటు కుర్రాడు కేక పెట్టాడు. దూరంగా నీళ్ల మీద తెల్లటి ఆవిరి, మా పక్కింటి మేడంత ఎత్తు లేచింది. తర్వాత వీపు. బూడిద కలిసిన నీలం రంగు. అలా జారుతూ వస్తూనే ఉంది, ఎంతసేపటికీ అయిపోదు. చిట్టచివర బుల్లి రెక్క ఒకటి కనిపించింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ తర్వాతే మొదలైంది. చుట్టుపక్కల ఉన్న పది పన్నెండు బోట్లూ ఒకేసారి అటు తిరిగాయి. ఇంజన్ల రొద, డీజిల్ కంపు. వంద మీటర్ల లోపలికి పోకూడదని ఆ దేశంలో రూలు ఉంది. మా బోటు ఏకంగా దాని దారికి అడ్డం పోయింది. జనం లేచి నిలబడి ఇంకా ముందుకు, ఇంకా ముందుకు అని అరుపులు. వాళ్లలో మా ఆయన కూడా ఉన్నారు. అది రెండుసార్లు ఊపిరి వదిలి మునిగిపోయింది.

తిమింగలం చేప కాదు, మనలాగే ఊపిరితిత్తులున్న ప్రాణి. లోతుకు పోయి మేత మేసి, పైకొచ్చి కాసేపు వరసగా గాలి పీల్చుకుంటేనే మళ్లీ లోతుకు పోగలదు. తరిమితే ఆ కాసేపు కూడా దానికి మిగలదు.

మా అత్తయ్యగారికి ఉబ్బసం. ఇన్‌హేలర్ గుప్పిట్లో పట్టుకునే ఉన్నారు. "ఊపిరి కోసం వచ్చినదాన్ని తరుముతున్నారేంటమ్మాయ్? ఆపమను" అన్నారు.

నేను పోయి బోటు కుర్రాడిని అడిగాను. వాడు దాచుకోలేదు. దగ్గరికి తీసుకెళ్లకపోతే గెస్టులు గొడవ పెడతారు, డబ్బులు వెనక్కి అడుగుతారు, రేటింగ్ తగ్గిస్తారు అన్నాడు. వాడిని ఏమనాలి? అరిచింది మనమే, డబ్బులిచ్చింది మనమే. పాతకాలంలో వేటగాళ్లు చంపుతూ పోతే 1966లో నీలి తిమింగలం వేటను అంతర్జాతీయంగా నిషేధించారు. వేట ఆగినా, మిరిస్సా వైపు తీరంలో పెద్ద ఓడల దారి ఒకటి సరిగ్గా వాటి మేత మీదుగా పోతుంది. ఓడలు గుద్ది చచ్చిపోతున్నాయని 2022లో ఎమ్మెస్సీ అనే పెద్ద కంటైనర్ ఓడల కంపెనీ తన ఓడలను ఇంకా దక్షిణంగా నడపడం మొదలుపెట్టింది. అంతంత ఓడలే దారి మార్చుకున్నాయి. ఒక్క వీడియో కోసం మనం పక్కకు జరగలేమా?

మిగతా బోట్లు ఒడ్డు దారి పట్టాక, మా కెప్టెన్‌ను బతిమాలి ఇంజన్ ఆపించాం. కొందరు విసుక్కున్నారు. పదిహేను నిమిషాలు ఏమీ లేదు, బోటు ఊగడం తప్ప. అప్పుడు దూరంగా ఒకటి లేచింది. ఇంజన్ లేదు కాబట్టి ఊపిరి చప్పుడు వినిపించింది, పెద్ద కుక్కర్ మూత తీసినప్పుడు వచ్చే ఆవిరిలా, ఒక్కసారిగా భుస్సుమని. నేను లెక్కపెట్టాను. తొమ్మిదిసార్లు. తర్వాత తోక నిలువునా ఎత్తి మునిగింది. అలలున్న నీళ్ల మీద అది మునిగిన చోట మాత్రం నూనె పోసినట్టు నున్నగా పెద్ద గుండ్రటి మరక మిగిలింది. అది చెదిరిపోయేదాకా అత్తయ్యగారు అటే చూస్తూ ఉన్నారు. మా ఆయన ఫోన్ జేబులో పెట్టేశారు.

వచ్చే ఏడాది మా ఆడపడుచు వాళ్లు వెళ్తామంటున్నారు. బుక్ చేసే ముందే రెండు ప్రశ్నలు అడగమని చెప్పాను: ఎంత దూరంలో ఆపుతారు, ఇంజన్ ఆపుతారా. "దగ్గరికి తీసుకెళ్తాం, గ్యారంటీ" అన్నవాళ్లకు వద్దని చెప్పేయమన్నాను. మీరెవరైనా వెళ్తుంటే మీరూ అవే అడగండి. బోటెక్కాక ఇంకోసారి గట్టిగా చెప్పండి, దూరంగానే ఉండమని.