పగడపు దిబ్బలు కోలుకున్నాయంటున్న మెసేజ్‌కు జవాబు

హనుమకొండ, వరంగల్ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. వాకింగ్ గ్రూపులో అదే, టీచర్ల గ్రూపులో అదే. దాని సారం ఇది: "పగడపు దిబ్బలు చచ్చిపోతున్నాయని ఏళ్ల తరబడి భయపెడుతున్నారు. 2022లో ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్‌లో పగడాలు 36 ఏళ్ల రికార్డు స్థాయికి పెరిగాయి. ఈ వార్త మీకు చూపించరు. అసలు పగడం ఒక రాయి. దాని రంగు పోవడం, రావడం సహజం. కోట్ల ఏళ్లుగా ఎంతో వేడిని తట్టుకుంది. సైంటిస్టులు తొట్లలో పెంచి సముద్రంలో నాటేదంతా నిధుల కోసమే. సముద్రమే లేని తెలంగాణకు దీంతో ఏం పని?"

నేను డిగ్రీ పిల్లలకు జువాలజీ చెబుతాను. ఈ మెసేజ్‌లో ఒక నిజం ఉంది. మిగతావన్నీ ఆ ఒక్క నిజాన్ని పట్టుకుని నిలబడ్డాయి కాబట్టి విడివిడిగా చూడక తప్పదు.

పగడం రాయి అన్న మాటతో మొదలుపెడదాం. కుజదోషానికని మనవాళ్లు ఉంగరంలో పెట్టించుకునే ఎర్ర పగడం మధ్యధరా సముద్రం వంటి చోట్ల దొరికే వేరే జాతి. అది దిబ్బలు కట్టదు. అయినా అదీ రాయి కాదు, ఒక జంతువు కట్టుకున్న అస్థిపంజరం. దిబ్బలు కట్టే పగడాల సంగతి ఇంకా సున్నితం. పాలిప్ అనే ఆ చిన్న జీవి ఒంట్లో ఆల్గే అనే, కంటికి కనిపించనంత చిన్న నాచు కాపురం ఉంటుంది. ఎండ తగిలితే ఆహారం తయారుచేసి, పాలిప్‌కు కావలసిన శక్తిలో 90 శాతం దాకా అదే ఇస్తుంది. రంగు కూడా చాలావరకు దానిదే. ఎండాకాలపు మామూలు గరిష్ఠం కంటే నీళ్లు ఒక్క డిగ్రీ ఎక్కువ వేడెక్కి కొన్ని వారాలు అలాగే ఉంటే, పాలిప్ ఆ ఆల్గేను బయటికి నెట్టేస్తుంది. లోపలి తెల్లటి ఎముక బయటపడుతుంది. దాన్నే బ్లీచింగ్ అంటున్నారు. అప్పటికి అది చావలేదు, కానీ తిండి పోయింది. వేడి త్వరగా తగ్గితే ఆల్గే తిరిగి వస్తుంది, తగ్గకపోతే పగడం ఆకలితో చస్తుంది.

ఇక 2022 రికార్డు. ఇదే ఆ ఒక్క నిజం. ఆ ఏడాది రీఫ్ ఉత్తర భాగంలో పగడాలు పరుచుకున్న విస్తీర్ణం 36 శాతం, మధ్య భాగంలో 33 శాతం. లెక్కలు మొదలయ్యాక ఆ రెండు చోట్లా అదే అత్యధికం. అదే ఏడాది దక్షిణ భాగంలో పగడాలను తినే ముళ్ల నక్షత్ర చేపల వల్ల విస్తీర్ణం తగ్గిన సంగతి మాత్రం మెసేజ్‌లో లేదు. ఈ లెక్క తీసింది ఎవరు? ఆస్ట్రేలియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెరైన్ సైన్స్ జీవశాస్త్రవేత్తలే. పడవ వెనక తాడు పట్టుకుని దిబ్బ చుట్టూ ఈదుతూ, రెండేసి నిమిషాలకు ఆగి చూసింది రాసుకుంటూ, ఏటా చేసే పని అది. రికార్డు వచ్చిందని లోకానికి చెప్పిందీ వాళ్లే. ఎవరు ఏం దాచారు?

పెరిగింది ఏమిటన్నది కూడా వాళ్లే చెప్పారు. ఎక్కువగా ఆక్రోపోరా జాతులు. కొమ్మలుగా, బల్లలుగా వేగంగా పెరుగుతాయి. వేడికి, తుపాను అలలకు, ముళ్ల నక్షత్ర చేపలకు ముందు బలయ్యేవీ అవే. 2024 ఆగస్టు 31న మన తాడ్వాయి అడవిలో గాలివానకు వేల చెట్లు కూలాయి కదా. నాలుగేళ్లు పోనిచ్చి పైనుంచి ఫొటో తీస్తే అక్కడ పచ్చగానే కనిపిస్తుంది. ఆ పచ్చదనం తుప్పలదా, పాత మద్దిచెట్లదా అన్నది ఫొటో చెప్పదు. విస్తీర్ణం శాతం కూడా అంతే.

ఆ తర్వాత 2024 వేసవిలో మళ్లీ బ్లీచింగ్ వచ్చింది, తుపానులూ తోడయ్యాయి. 2025 నివేదికలో ఉత్తర భాగం సుమారు 40 శాతం నుంచి 30కి, దక్షిణ భాగం 39 నుంచి 27కి పడిపోయింది. ఈ రెండు చోట్లా ఒక్క ఏడాదిలో ఇంత తగ్గడం లెక్కలు మొదలయ్యాక ఎప్పుడూ లేదు. సంస్థ అదే, కొలిచే పద్ధతీ అదే. 2022 లెక్క నమ్మినవాళ్లు 2025 లెక్కనూ నమ్మాలి.

రంగు పోవడం సహజమే అంటారా, ఎంత తరచుగా పోతోందో చూడండి. గ్రేట్ బారియర్ రీఫ్‌లో భారీ బ్లీచింగ్ 1998లో, 2002లో వచ్చింది. తర్వాత 14 ఏళ్లు ఊపిరి పీల్చుకుంది. ఆ పైన 2016, 2017, 2020, 2022, 2024, 2025. ప్రపంచమంతా చూసినా, 2023 జనవరి నుంచి 2025 మొదటి నెలల దాకా పగడపు దిబ్బల విస్తీర్ణంలో 84 శాతం బ్లీచింగ్ తెచ్చేంత వేడికి గురైంది. ఇంతకుముందు ఏ విడతలోనూ ఇంత లేదు.

కోట్ల ఏళ్లుగా ఎంత వేడినైనా తట్టుకున్నాయన్నది తప్పు. సుమారు 25 కోట్ల ఏళ్ల కింద, పెర్మియన్ యుగం చివర, సైబీరియా అగ్నిపర్వతాలు వదిలిన కార్బన్ డయాక్సైడ్‌తో సముద్రాలు వేడెక్కాయి, ఆమ్లత పెరిగింది. అప్పటి పగడపు వంశాలు, రుగోసా, టాబులేటా, ఒక్కటీ మిగలకుండా పోయాయి. ఇప్పుడు దిబ్బలు కడుతున్నవి తర్వాత లక్షల ఏళ్లకు గానీ కనిపించని మరో వంశం.

నిధుల కోసమే నాటుతున్నారన్న నింద నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది. 2023 వేసవిలో ఫ్లోరిడాలో సముద్రం మసిలినప్పుడు, పగడాలు నాటే శాస్త్రవేత్తలు సముద్రపు నర్సరీల్లోని పగడాలను ఒడ్డున తొట్లలోకి మోసుకెళ్లారు. సాంబ్రెరో రీఫ్‌లో పగడాలన్నీ పోయాయని బయటపెట్టింది కూడా అక్కడ నాటే పని చేస్తున్నవాళ్లే. నిధుల కోసం అబద్ధమాడేవాళ్లు తమ ఓటమిని ఇలా చాటుకోరు. మన తూత్తుకుడిలో సుగంధి దేవదాసన్ మెరైన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు మన్నార్ సింధుశాఖలో పగడపు ముక్కలను కాంక్రీటు చట్రాలకు కట్టి పెంచుతున్నారు. రూత్ గేట్స్, మడలీన్ వాన్ ఓపెన్ అనే శాస్త్రవేత్తలు వేడి తట్టుకునే పగడాలను పెంచే దారి వెతికారు. మేరీ హాగెడార్న్ అనే మరో శాస్త్రవేత్త పగడాల వీర్యకణాలను గడ్డకట్టించి భద్రం చేస్తున్నారు. నాటడం వల్ల సముద్రమంతా బాగుపడదని మెసేజ్ అని ఉంటే ఒప్పుకునేవాణ్ని. ఈ పని పగడాలకు కొంత గడువు సంపాదించడానికేనని ఆ శాస్త్రవేత్తలే అంటారు. పరిశ్రమలు రాకముందు కంటే భూమి 1.5 డిగ్రీలు వేడెక్కితే దిబ్బలు 70 నుంచి 90 శాతం, 2 డిగ్రీలైతే 99 శాతానికి పైగా తగ్గుతాయని వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల సంఘం ఐపీసీసీ 2018లోనే చెప్పింది.

"మనకు సముద్రమే లేకపాయె సార్, మనకేంది" అని పక్కింటాయన కూడా అన్నాడు. నిజమే, మన చేపల మార్కెట్లో బొచ్చె, రవ్వ చెరువువే, దిబ్బలవి కావు. లేని లాభాన్ని నేను కల్పించను. కానీ సముద్రంలోకి మన నుంచి పోయేది ఉంది. రామగుండం ఎన్‌టీపీసీ 2,600 మెగావాట్లు, చెల్పూరు కాకతీయ కేంద్రం 1,100 మెగావాట్లు సింగరేణి బొగ్గు మీదే నడుస్తాయి. ఆ బొగ్గు పెర్మియన్ కాలపు చెట్లదే. గని కార్మికుణ్ని నేను తప్పు పట్టను, ఈ కరెంటుతోనే నేనూ బతుకుతున్నాను. కానీ బొగ్గు కాలిస్తే వచ్చే కార్బన్ డయాక్సైడ్ వేడిని పట్టి ఉంచుతుంది. అలా భూమి మీద అదనంగా పోగవుతున్న వేడిలో 90 శాతం దాకా చివరికి సముద్రాలే మింగుతున్నాయి.

మన దేశంలోనే లక్షద్వీప్ ఉంది. 2011 జనగణన ప్రకారం అక్కడ 64 వేల మంది ఉన్నారు. వాళ్ల కాళ్లకింద నేలంతా పగడం పొడే, సముద్రానికి కొద్ది మీటర్ల ఎత్తున. అగట్టి, కడ్మత్, కవరత్తి దిబ్బలను నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ శాస్త్రవేత్తలు 24 ఏళ్లు కొలిచారు. 1998లో 37 శాతం ఉన్న పగడాలు 2022కి 20 లోపుకు వచ్చాయి. బ్లీచింగ్ లేకుండా ఆరేళ్లు గడిస్తేనే దిబ్బ చురుగ్గా కోలుకుంటోందని కూడా వాళ్లు గమనించారు. కొలతలు ముగిసిన మరుసటి ఏడాదే, 2023 అక్టోబర్ చివర, అక్కడి సముద్రంలో మళ్లీ వేడిగాలుల వంటి వేడి మొదలైంది. 2024లో అక్కడి పగడాలు మరోసారి తెల్లబారాయి.